సున్న వేరు, ఖాళీ వేరు

వాన కురియలేదనుట యొక వార్త. వాన లెక్క చేరలేదనుట వేరొక వార్త. మొదటిది విన్న రైతు ఆకాశము వంక చూచును. రెండవది విన్నవాడు కచేరీ వంక చూడవలెను. మనకు సులభముగా తెలియు నీ భేదమును కంప్యూటరు ఎట్లు పాటించునో తెలిసికొందము.

నాగర్‌కర్నూలు జిల్లాలోని తెలకపల్లి మండలమును ఉదాహరణగా గైకొందము. 2016 వరకు ఇది మహబూబ్‌నగరు జిల్లాలోనిది. వానను నమ్మిన మెట్టసేద్యము గల సీమ. అచ్చటి యైదు గ్రామములలో 30 దినముల వానను మిల్లీమీటర్లలో వ్రాసితిమనుకొందము. గ్రామమునకొక అడ్డువరుస, దినమునకొక నిలువువరుస. ఇట్లు సంఖ్యల నమర్చిన పట్టికను గణితమున మాత్రిక యందురు. అన్ని గడులలోను సున్నలే యున్నచో అది పాఠ్యపుస్తకములు చెప్పు శూన్యమాత్రిక. దానిలో 150 గడుల సమాచారము కలదు. గడి యొక్కటియు లేనిది ఖాళీ మాత్రిక.

ఖాళీ మాత్రికకును ఆకారము కలదు. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని కురిసిన దినము వానదినము. అట్టి దినమొక్కటియు లేని నెలలో వానదినముల వరుసలను మాత్రమే ఏరినచో మిగులునవి 5 అడ్డువరుసలు, 0 నిలువువరుసలు. ఏ గ్రామము నుండియు లెక్కయే రాకున్నచో మిగులునవి 0 అడ్డువరుసలు, 30 నిలువువరుసలు. రెండును ఖాళీయే, అయినను వాటి అర్థములు వేరు. మాట్‌లాబ్ అను గణనసాధనము తొలినాళ్లలో రెండు వైపులును సున్నయైన ఖాళీని మాత్రమే ఎరుగును. 1990లో కార్ల్ డి బోర్ అను గణితజ్ఞుడు ఖాళీ మాత్రికల నియమములను చర్చించుచు వ్యాసము వ్రాసెను. ఆ సాధనపు ఐదవ కూర్పు నుండి ఒక వైపు మాత్రమే సున్నయైన ఖాళీలకును చోటు దొరకినది.

ఖాళీని కూడినచో వచ్చునది సున్న. గుణించినచో వచ్చునది ఒకటి. దీనికి కారణము కలదు. పట్టికను రెండు భాగములు చేసి, వేరువేరుగా కూడి, పిమ్మట కలిపినను మొత్తము మారరాదు. ఒక భాగము ఖాళీయైనచో దాని మొత్తము సున్న కాక తప్పదు. గుణకారమున ఆ స్థానము ఒకటిది.

చిక్కు ఇచ్చటనే కలదు. ఏ గ్రామపు లెక్కయు రాని పట్టికను నిలువుగా కూడుమన్నచో యంత్రము 30 సున్నల నిచ్చును. నియమమును బట్టి అది సరియే. కాని వానిని చూచి నెల దినములు చినుకు పడలేదని వ్రాసినచో, కరవు లేనిచోట కాగితముపై కరవు పుట్టును. పంటల బీమాకును సహాయమునకును వాన లెక్కయే ఆధారమైనపుడు ఇది చిన్న పొరపాటు కాదు.

సగటు అడిగినచో గుట్టు బయటపడును. మొత్తము సున్న, లెక్క పంపిన గ్రామములు సున్న; సున్నను సున్నచే భాగింపవలెను. 628లో బ్రహ్మగుప్తుడు దీని ఫలము సున్నయే యనెను. నేటి సాధనములు మాత్రము ‘సంఖ్య కాదు’ అను గుర్తు నిచ్చును. అన్నిటికంటె పెద్ద వాన యేదని యడిగినచో మాట్‌లాబ్ ఖాళీనే తిరిగి యిచ్చును. నంపై అను వేరొక సాధనము దోషమని తెలిపి నిలిచిపోవును.

కావున లెక్కల క్రమమును వ్రాయువారు కూడుటకు ముందే పట్టికలో ఎన్ని అడ్డువరుసలున్నవో అడుగవలెను. మొత్తము ప్రక్కన లెక్క పంపిన గ్రామముల సంఖ్యను కూడ ముద్రింపవలెను. అపుడు వాన రాలేదో, వార్త రాలేదో పట్టిక చదివినవారికి తెలియును.