పైరు లేని చోట మందు చల్లిన విమానము

రేడియో నాటకములు ప్రయోగించు మాబోటివారికి అనుభవమున తెలిసిన సంగతి యొకటి కలదు. శ్రోతను భయపెట్టుటకు పెద్ద శబ్దము అక్కరలేదు. ఎక్కడనో దూరమున చిన్న శబ్దము పుట్టి, అదేమో తెలియకముందే దగ్గరగుచుండిన చాలును. కన్ను తోడుగా గల సినిమావారికి ఈ బాధ యెందుకని మేము తలచెడివారము. పాత కుట్ర చిత్రములలోని విమాన దృశ్యములను మరల చూచిన పిదప ఆ తలంపు మార్చుకొంటిమి.

1959లో వెలువడిన 'నార్త్ బై నార్త్‌వెస్ట్' అను అమెరికన్ చిత్రమును తీసికొందము. దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. ప్రకటనల వ్యాపారములో నున్న యొక పెద్దమనిషిని గూఢచారులు మరెవరో అనుకొని వెంటాడుదురు. ఆ మరొక మనిషి అసలు పుట్టనే లేదు. ప్రభుత్వపు వేగువారు కల్పించిన వట్టి పేరు. ఆ మనిషిని కలిసికొనవచ్చునని ఆశపెట్టి, శత్రువులు కథానాయకుని ఊరికి దూరముగా బయలు నేలలో బస్సు ఆగు చోటికి రప్పింతురు. ఇట్టి ఘట్టమనగానే చీకటి రాత్రి, ఇరుకు సందు, వీధి దీపము, అడ్డముగా పోవు నల్లపిల్లి మనకు తోచును. హిచ్‌కాక్ వానినన్నిటిని త్రోసిపుచ్చి పట్టపగటి ఎండను, కనుచూపుమేర చదునైన నేలను ఎన్నుకొనెను. కార్లు వచ్చును, పోవును. చాలసేపు ఏమియు జరుగదు. దూరమున పైరులకు పురుగుమందు చల్లు జంట రెక్కల విమాన మొకటి తిరుగుచుండును. బస్సుకై నిలిచిన పల్లెవాడొకడు, పైరే లేని చోట మందు చల్లుచున్నాడే యని మాటవరుసకు అని బస్సెక్కిపోవును. ఆ మాట విన్నంతనే మన గుండె జల్లుమనును.

ఆపైన విమానము ఆ ఒంటరివాని మీదికి మరల మరల దిగివచ్చును. నడుపువాని ముఖము మనకు సరిగా కనబడదు. తుపాకితో ఎదురువచ్చిన మనిషిని బ్రతిమాలవచ్చును. ఇంజనును ఏమని బ్రతిమాలుట? కథానాయకుడు మొక్కజొన్న చేనిలో దూరగా, పైనుండి మందు చల్లి వానిని ఉక్కిరిబిక్కిరి చేసి బయటికి తరుమును.

ఇక చెవికి సంబంధించిన విశేషము. ఈ చిత్రమునకు సంగీతము కూర్చిన బెర్నార్డ్ హెర్మన్ ఇతరత్ర వాద్యములను ఉరుకులు పెట్టించినవాడే. ఈ ఘట్టములో మాత్రము విమానము నూనె లారీని ఢీకొని మండువరకు ఒక్క స్వరమైనను వినబడదు. కార్ల చప్పుడు, ఇంజను మ్రోత, అంతే. హెర్మన్ సినిమాలకు రాకముందు సి.బి.యస్. రేడియోలో పనిచేసినవాడు. మౌనము విలువ అక్కడనే నేర్చెనని మేము నమ్ముట వృత్తి పక్షపాతమైన కావచ్చును.

కథలో ఆ చోటు ఇండియానా రాష్ట్రము, చిత్రీకరించినది కాలిఫోర్నియాలో. కథానాయకుడైన కేరీ గ్రాంట్ నేలపై పడు దగ్గరి దృశ్యములకు స్టూడియోలో వెనుక తెరపై విమానపు బొమ్మ నాడించిరి. ఈ కిటుకును హిచ్‌కాక్ 1940లో 'ఫారిన్ కరెస్పాండెంట్' చిత్రమున ఇంకను సాహసముగా వాడియుండెను. అందు శాంతిసంఘపు పెద్దయే శత్రువుల మనిషి. వాడును, వాని గుట్టు కనిపెట్టిన విలేఖరియు ఎక్కిన విమానమును జర్మను ఓడ ఫిరంగులతో కొట్టును. చోదకుల వెనుకనుండి మనము చూచుచుండగా సముద్రము ఎదురువచ్చి, అద్దము బ్రద్దలై, నీరు లోనికి దూకును. నడుమ కత్తిరింపు లేదు! దీనికై ఒక వైమానికుడు నిజముగనే సముద్రము మీదికి దూకి, చివరి క్షణమున విమానమును పైకెత్తెను. అపుడు తీసిన బొమ్మను స్టూడియోలో కాగితపు తెరపై వేసిరి. తెర వెనుక నీటి తొట్లు. అల తాకునను క్షణమున మీట నొక్కగా, నీరు కాగితమును చించుకొని మీద పడినది. ఆ వడిలో చిరిగిన కాగితము ఎవరి కంటను పడలేదు.

1974 నాటి 'పారలాక్స్ వ్యూ'లో ఇట్టి ఆర్భాటము లేదు. విమానములో బాంబున్నదని ఒక్క విలేఖరికే తెలియును. అరచినచో తన గుట్టు బయటపడును. మన బస్సులలోవలె లోపలనే టిక్కెట్టు కొనుక్కొని కూర్చుండి, చేతిగుడ్డ కాగితముపై హెచ్చరిక వ్రాసి పరిచారిక కంటబడునట్లు జొనుపును. మేము మాత్రము ఊపిరి బిగబట్టి చూచితిమి.

1978లో అమెరికాలో విడుదలయిన 'కాప్రికార్న్ వన్' కథలో, కుజగ్రహమునకు పోయినట్లు ప్రపంచమును నమ్మించిన ప్రభుత్వము, నిజము తెలిసిన వ్యోమగామిని ఎడారిలో వేటాడించును. వేటగాండ్రు రెండు హెలికాప్టర్లు. వానిని నడుపువారికి మాటలు లేవు. యంత్రములే ఒకదానివైపు మరియొకటి తిరిగి ఆలోచించుకొనునట్లుండును. రక్షింప వచ్చినది మందు చల్లు పాతకాలపు జంట రెక్కల విమానము! కొండల నడుమ తరుముచు వచ్చు హెలికాప్టర్ల ముందు ఆ ముసలి విమానము, పైరు మొలవని ఎడారిలో, తన మందునంతయు మబ్బువలె వదలును. దారి కానక అవి కొండను ఢీకొనును.