అన్నీ ఫోర్ ట్వంటీ కేసులు కావు

హైదరాబాద్‌లోని ఆబిడ్స్‌కు ఆ పేరు ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియన్ వల్ల వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆయన ఆంతరంగిక సేవకుడు. సిమ్లా వజ్రాల వ్యాపారి జేకబ్ 1891లో ఒక పెద్ద వజ్రాన్ని నిజాంకు అమ్మజూపినప్పుడు మధ్యవర్తి ఈయనే. బేరం 46 లక్షల రూపాయలకు తెగింది. రాయి చూశాక నచ్చితేనే కొంటానన్నారు నిజాం. అయినా ముందే 23 లక్షలు జమ కట్టారు. వజ్రమేమో లండన్‌లో ఉంది. జేకబ్ ఆ జమ సొమ్ములోంచే చాలా భాగం అక్కడికి పంపి దాన్ని తెప్పించాడు. తీరా చూస్తే నిజాంకు నచ్చలేదు. డబ్బు వెనక్కిమ్మంటే అప్పటికే ఖర్చయిపోయింది.

మన మాటలో ఇది మోసం, అంతే. కేసు వెళ్లిన కలకత్తా హైకోర్టులో మాత్రం అంత తేలిగ్గా తెగలేదు. వజ్రం నకిలీది కాదు. జేకబ్ తనది కాని పేరు చెప్పుకోలేదు, దొంగ కాగితం సృష్టించలేదు. మిగిలిన ప్రశ్న ఒక్కటే: నమ్మి అప్పగించిన సొమ్మును అతడు దురుద్దేశంతో వాడుకున్నాడా? లేదని జ్యూరీ తేల్చి అతణ్ణి వదిలేసింది. తర్వాత రాజీ కుదిరి రాయి నిజాంకే దక్కింది. 184.75 క్యారెట్ల ఆ జేకబ్ వజ్రాన్ని 1995లో నిజాం నగలతో పాటు కేంద్రం కొన్నది.

జేకబ్‌ను విచారించిన 1860 నాటి శిక్షాస్మృతే నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో 2024 జూన్ 30 దాకా నడిచింది. జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. చీటింగ్ సెక్షన్ 420 పోయి 318(4) అయింది. ‘వాడొట్టి ఫోర్ ట్వంటీగాడు’ అని తిట్టుకోవడానికి అలవాటుపడిన నోటికి కొత్త నంబరు ఎప్పటికీ ఎక్కదనుకుంటాను. అంతకుముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే కాబట్టి ఆ తిట్టుకు కోర్టులో ఇంకా కొన్నేళ్లు ఆయుష్షు ఉంది.

నంబర్లు మారాయి గానీ వాటి వెనకున్న ఇంగ్లీషు మాటలు మారలేదు. చీటింగ్, బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్, పర్సొనేషన్, ఫోర్జరీ. బయట ఒకదాని బదులు ఇంకొకటి వాడినా నష్టం లేదు. ఫిర్యాదులో అలా వాడితేనే చిక్కు.

చీటింగ్‌లో కోర్టు మొదట చూసేది సమయాన్ని. డబ్బు చేతులు మారే నాటికే ఎగ్గొట్టాలన్న ఆలోచన ఉందా? కొడుకు ఫీజుకని చేబదులు తీసుకుని, వ్యాపారం దెబ్బతిని తీర్చలేనివాడు బాకీదారు, మోసగాడు కాదు. అతని మీద వెయ్యాల్సింది సివిల్ దావా. లేని ప్లాటును ఉన్నట్టు చూపించి అడ్వాన్సు పట్టుకుపోయినవాడి సంగతి వేరు. అతడు మొదటి మాట నుంచే అబద్ధమాడాడు. ఇక్కడ శిక్ష ఏడేళ్ల దాకా ఉంటుంది.

బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్‌లో మొదట అబద్ధం ఉండదు. గాజులు చేయమని ఇచ్చిన బంగారాన్ని కంసాలి సక్రమంగానే తీసుకుంటాడు, తర్వాత బుద్ధి మారి అమ్ముకుంటాడు. నమ్మకం ముందు, ద్రోహం వెనక. అందుకే ఒకే పని ఈ రెండు నేరాలూ కాజాలదు. అయినా ఎఫ్‌ఐఆర్‌లో ఏదో ఒకటి నిలవకపోతుందా అన్నట్టు రెండు సెక్షన్లూ పక్కపక్కనే పెట్టేస్తుంటారు. 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే తప్పుపట్టింది.

పెద్ద కేసుల్లో ఇవన్నీ కలిసి కనిపిస్తాయంటే అక్కడ జరిగిన పనులు చాలా కాబట్టి. సత్యం కంప్యూటర్స్ సంగతి చూడండి. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన సొమ్ములో 5,040 కోట్లు అసలు లేవని 2009 జనవరి 7న సంస్థ ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖలో ఒప్పుకున్నారు. దర్యాప్తులో సీబీఐ 7,561 దొంగ ఇన్వాయిస్‌లను లెక్కతేల్చింది. లేని డిపాజిట్లకు రసీదులు పుట్టించడం ఫోర్జరీ. ఆ అంకెలను పుస్తకాల్లోకి ఎక్కించడం లెక్కల తారుమారు, దానికి వేరే సెక్షన్. ఆ లెక్కలు చూపించి మదుపరుల చేత షేర్లు కొనిపించడం చీటింగ్. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. రాజుకు ఏడేళ్ల జైలు, 5 కోట్ల జరిమానా పడ్డాయి. అప్పీలు మీద మరుసటి నెలలోనే శిక్ష నిలిపివేసి బెయిలిచ్చారు.

మన ఊళ్లో ఎక్కువమందికి తగిలే దెబ్బ మాత్రం కంపెనీలది కాదు, స్థలాలది. మీ ప్లాటును ఎవరో అమ్మేశారు. ఇది ఫోర్జరీయేనా? అతడు ఏ పేరుతో సంతకం చేశాడన్న దాన్ని బట్టి ఉంటుంది. మీరేనని చెప్పుకుని, మీ పేరుతో, మీ ఆధార్ నకలుతో రిజిస్ట్రారు ముందు కూర్చుంటే అది పర్సొనేషన్, ఫోర్జరీ కూడా. అలాకాక తన సొంత పేరుతోనే, ఆ స్థలం తనదేనని రాసి అమ్మాడనుకోండి. దస్తావేజులో రాసింది పచ్చి అబద్ధమే, కానీ దాన్ని రాసిన మనిషి నిజం. కాబట్టి అది చట్టం చెప్పే దొంగ పత్రం కాదని 2009లో మహమ్మద్ ఇబ్రహీం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చీటింగ్ అందామన్నా అతడు బుట్టలో వేసింది మిమ్మల్ని కాదు, కొన్నవాణ్ణి. ఆ ఫిర్యాదు కొన్నవాడు పెట్టుకోవాల్సిందే. ఆ దస్తావేజు మీ హక్కును కట్టిపడేయదని ప్రకటించమంటూ మీరు సివిల్ కోర్టుకు వెళ్లాలి.