మోటారుసైకిలు క్రాంకు సెన్సారు: దోషమును గుర్తించు క్రమము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు జిల్లాలో కల్లూరు మహాలక్ష్మీ దేవాలయముచే ప్రసిద్ధి గాంచిన గ్రామము. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. తుంగభద్ర ఎడమకాలువ క్రింది సేద్యమునకై వచ్చిన తెలుగు రైతుల ‘క్యాంపులు’ మాన్వి, సింధనూరు ప్రాంతములందు పెక్కులు గలవు. ఇచ్చటి కుటుంబములకు మోటారుసైకిలు విలాసవస్తువు కాదు. పొలమునకైనను, బడికైనను, వైద్యునికడకైనను అదియే వాహనము. అట్టి బండి మండువేసవిలో నడిదారిని ఆగిపోయి, చల్లారిన పిదప మరల నడచుట కలదు. ఇందులకు గల కారణములలో క్రాంకు సెన్సారు దోష మొకటి. దానిని సరిగా గుర్తింపనిచో వెల హెచ్చైన కంట్రోల్ యూనిట్టును వృథాగా మార్పించుకొనవలసి వచ్చును. కావున ఈ చిన్న పరికరము చేయు పని యేమో, దాని దోషమును కనుగొను తీరేమో తెలిసికొనుట యుక్తము.

ఇంజనులో పిస్టను పైకి క్రిందికి కదలుచుండగా దానిచే తిరుగు ఇరుసే క్రాంకుషాఫ్టు. పెట్రోలును ఎప్పుడు చిమ్మవలెనో, ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టింపవలెనో నిర్ణయించుటకు ఆ ఇరుసు ఏ కోణమునందున్నదో తెలియవలెను. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు సెకనుకు 100 చుట్లగును. అనగా ఒక డిగ్రీ తిరుగుటకు సెకనులో 36,000వ వంతు మాత్రమే పట్టును. ఇంతటి సూక్ష్మకాలమును లెక్కించుటకు కావలసిన వార్తను అందించునది ఈ సెన్సారు.

దీని నిర్మాణము సరళము. అయస్కాంతముపై సన్నని రాగితీగ చుట్టబడి యుండును. దాని యెదుట మాగ్నెటో చక్రముపై ఉక్కు పండ్లు తిరుగుచుండును. పన్ను దగ్గరకు వచ్చి తొలగినప్పుడెల్ల అయస్కాంతక్షేత్రము మారి, 1831లో ఫారడే కనుగొన్న సూత్రము ననుసరించి, తీగలో విద్యుత్తు పుట్టును. పండ్ల వరుసలో ఒకచోట కావలసియే ఖాళీ విడుతురు. ఆ ఖాళీ దాటినప్పుడు కంట్రోల్ యూనిట్టునకు ‘ఇది మొదలు’ అను గుర్తు లభించును. మోటారుకార్లలో 60 స్థానములకు 2 విడిచి 58 పండ్లుంచుట వాడుక. మోటారుసైకిళ్లలో ఈ సంఖ్య బండిని బట్టి మారును.

మైసూరులో 1961 మొదలు తయారైన జావా బండ్లలో ఈ కాలనిర్ణయమును కాంటాక్టు పాయింట్లు చేసెడివి. తరువాతి బండ్లలో మెకానికులు ‘పల్సర్ కాయిల్’ అని పిలుచునది ఆ పనికి వచ్చెను. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నియమము అమలునకు వచ్చుటతో ఇంధన ఇంజెక్షను విధానము విస్తరించి, నిప్పురవ్వయే గాక పెట్రోలు కూడ ఈ వార్తపై ఆధారపడినది. వార్త నిలిచినచో రెండును ఒక్కసారి నిలుచును.

దోషలక్షణములు ఇవి. స్టార్టరు ఇంజనును త్రిప్పుచున్నను బండి రాజుకొనదు. ప్లగ్గులో రవ్వ యుండదు, ఇంజెక్టరు చిమ్మదు. తాళము త్రిప్పగనే కొన్ని క్షణములు మ్రోగి ఆగిన పెట్రోలు పంపు, స్టార్టరు నొక్కినప్పుడు మరల మ్రోగదు. ఇంజను వేడెక్కిన పిదప ఆగి, చల్లారగనే నడచుట మరియొక గుర్తు. అయితే కిల్ స్విచ్చి, సైడుస్టాండు స్విచ్చి, బండి పడినప్పుడు ఇంజను నాపు సెన్సారు కూడ ఇట్లే చేయగలవు. కావున ముందు వీనిని, బ్యాటరీని చూడవలెను. బ్యాటరీ బలహీనమైనచో ఇంజను మెల్లగా తిరుగును. అప్పుడు మంచి సెన్సారు సైతము తగినంత విద్యుత్తును పుట్టింపజాలదు.

తరువాత స్కానరుతో దోషసంకేతమును చదువవలెను. పి-0335 అను సంకేతము సెన్సారు చెడినదని చెప్పదు. ఆ వలయము నుండి సరియైన వార్త రాలేదని మాత్రమే చెప్పును. తీగ తెగినను, కనెక్టరులో త్రుప్పు పట్టినను ఇదే సంకేతము వచ్చును. మడిదారులలో తిరుగు బండ్లకు బురదనీరు చేరుట, ఎలుకలు తీగలను కొరుకుట గమనింపదగినవి.

పిమ్మట తాళము తీసివేసి, కనెక్టరు విప్పి, మల్టీమీటరుతో సెన్సారు నిరోధమును కొలువవలెను. ఎన్ని ఓములుండవలెనో ఆ బండి సర్వీసుగ్రంథమే ప్రమాణము. ఇచ్చట ఒక సంగతి మరువరాదు. రాగి నిరోధము వేడితో పెరుగును. 20 డిగ్రీలవద్ద 200 ఓములున్న తీగచుట్ట 120 డిగ్రీలవద్ద సుమారు 278 ఓములు చూపుట సహజమే. చల్లగానున్నప్పుడు సరిగానుండి, వేడెక్కగనే కొలత అనంతమైనచో లోపలి తీగ తెగినదని నిశ్చయింపవచ్చును. కావున బండి ఆగిన వెంటనే కొలుచుట ముఖ్యము. చల్లారిన పిదప కొలిచినచో దోషము దాగిపోవును. మూడు తీగలు గల హాల్ రకపు సెన్సారునకు ఈ పరీక్ష పనికిరాదు. దానికి అందు విద్యుత్తును, అది పంపు స్పందనమును చూడవలెను.

నిరోధము సరిగా నున్నను సెన్సారు మంచిదని పూర్తిగా నమ్మరాదు. స్టార్టరు త్రిప్పుచు, మీటరును ఏ.సి. వోల్టులపై నుంచి, విద్యుత్తు పుట్టుచున్నదో లేదో చూడవలెను. అదియు లేనిచో సెన్సారునకు పండ్లకు నడుమ ఎడము హెచ్చినదేమో, అయస్కాంతమునకు ఇనుపరజను అంటినదేమో, పన్ను వంగినదేమో పరీక్షింపవలెను. సెన్సారు వద్ద విద్యుత్తు పుట్టుచున్నను కంట్రోల్ యూనిట్టునకు చేరనిచో దోషము తీగలలోనిది. రెండు తీగలు తారుమారుగా కలిపినచో వార్త తలక్రిందులై కాలము తప్పును.

ఇన్ని పరీక్షలును సరిపోయిన పిమ్మటనే కంట్రోల్ యూనిట్టును శంకింపవలెను. తేలికగా చూడగలిగినది ముందు, వెల హెచ్చైనది చివర అనునదే ఈ పనికి సూత్రము. ఈ క్రమమును తెలిసిన బండి యజమాని మెకానికుతో కలిసి ఆలోచింపగలడు. ఏ కొలతను బట్టి భాగమును మార్చుచున్నారని అడుగగలడు. రాత్రివేళ పొలమునకు నీరు పెట్టబోవు రైతునకు, దూరపు బడికి పిల్లలను చేర్చు తల్లికి ఈ కొద్ది తెలివియే ధనమును కాలమును మిగుల్చును.