బడి వసతులు – బోధకుల మనశ్శాంతి

2016లో పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి వేఱుపడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల పల్లెబడులలో, ఉపాధ్యాయుల అలసటకు పాఠ్యభారముతోపాటు పాఠశాలాభవనముల దుస్థితియు హేతువగుచున్నది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చున్నపుడు, ఒకరిచే ఎక్కములు వల్లెవేయించుచు, మఱియొకరికి చూచివ్రాత నియమించి, ఆ సందడిని మించి పలుకవలసిన పంతులమ్మకు సాయంకాలమగుసరికి గొంతు బొంగురువోవును; మరుగుదొడ్డికి నీరు లేనిచోట ఆమె మండువేసవిలోను దాహము చంపుకొనును. ఈ యాతన ఏ రిజిస్టరునకును ఎక్కదు. తలనొప్పిగాను, విసుగుగాను, పిల్లలపై కోపముగాను బయటపడును.

తన చేతిలో లేని లోపములకు తానే జవాబుదారి కావలసివచ్చుట ఒత్తిడికి ముఖ్యమైన మూలము. మోటారు కాలినను, కప్పు కారినను, పాఠము విడిచి మరమ్మతుకై తిరుగవలసినవాడు ప్రధానోపాధ్యాయుడే.

2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయునికొక తరగతిగది చొప్పునైనను ఉండవలెననియు, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లును, త్రాగునీరును ఉండవలెననియు విధించినది. 2022 మార్చి 8న వనపర్తిలో ఆరంభమైన ‘మన ఊరు–మన బడి’ పథకము నీటివసతిగల మరుగుదొడ్లు, విద్యుత్తు, బల్లలు మొదలగు 12 అంశములను చేపట్టెను. అయితే కట్టినదానిని నిలుపుకొనుటకు నిత్యనిర్వహణము కావలయును. బడి మరమ్మతునకు వెచ్చించు ప్రతి రూపాయియు బోధనకు వెచ్చించినట్లేయని గ్రామపెద్దలును, అధికారులును గ్రహింపవలయును.