గోదావరి వాన లెక్కల్లో ఒక పాయింటర్

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది జారీ చేస్తారు. ఆ నీటిలో అధిక భాగం కోనసీమలో కురిసింది కాదు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పరీవాహకాల్లో పడిన వాన. అందుకే డెల్టా వరదను అధ్యయనం చేసేవారికి ముందుగా కావలసినవి వాన లెక్కలు. భారత వాతావరణ శాఖ 1901 నుంచి నమోదైన దేశమంతటి రోజువారీ వర్షపాతాన్ని పావు డిగ్రీ గడులుగా అందిస్తోంది. దక్షిణం నుంచి ఉత్తరానికి 129 వరుసలు, వరుసకు 135 గడులు, మొత్తం రోజుకు 17,415.

ఈ సమాచారం నెట్‌సీడీఎఫ్ అనే రూపంలో దొరుకుతుంది. దాన్ని చదివే మూల లైబ్రరీని అమెరికాలోని యూనిడేటా సంస్థ సి భాషలో రాసింది. మన విద్యార్థులు ఎక్కువగా పనిచేసేది పైథాన్‌లో. మధ్యవర్తిగా సిద్ధంగా ఉన్న ప్యాకేజీలు ఉన్నాయి, మంచివే. కానీ వాటి అడుగున ఏం జరుగుతోందో వరద లెక్కలు కట్టేవారు తెలుసుకొని తీరాలని నా అభిప్రాయం.

సి ఫంక్షన్ నేరుగా తిరిగి ఇవ్వగలిగేది ఒక్క విలువే. ఈ లైబ్రరీ ఆ ఒక్కదాన్నీ పని జరిగిందో లేదో చెప్పడానికి వాడుకుంటుంది: సున్నా వస్తే జరిగినట్టు. మరి వర్షపాతం అంకెలు ఎలా రావాలి? పిలిచేవారే మెమరీలో చోటు సిద్ధం చేసి దాని చిరునామా అందించాలి. అదే పాయింటర్. ఫంక్షన్ ఆ చోటికి వెళ్లి అంకెలు రాసిపెడుతుంది. అయితే అక్కడ చోటు ఎంత ఉందో, ఏ రకం అంకె ఉండాలో చిరునామా చెప్పదు. కాలువ లస్కరు తూము ఎత్తితే నీరు వస్తుంది, మడి ఎంతటిదో, గట్టు ఎక్కడుందో చూసుకోవలసింది రైతే, ఇక్కడా అంతే. సి ప్రోగ్రాములో అయితే కంపైలర్ హెడర్ ఫైలు చూసి, రకాలు కలవకపోతే హెచ్చరిస్తుంది. 2006 నుంచి పైథాన్‌తోపాటే వస్తున్న సీటైప్స్ అనే మాడ్యూల్ ద్వారా ఈ సి ఫంక్షన్లను పిలిచినప్పుడు ఆ హెడర్‌ను చదివేవారు ఉండరు.

రాజమండ్రి గడినే తీసుకుందాం. అది 17 డిగ్రీల ఉత్తరం, 81.75 డిగ్రీల తూర్పు. సున్నా నుంచి లెక్కపెడితే 42వ వరుసలో 61వ గడి; అన్నీ ఒకే బారున పేర్చితే 5,731వ స్థానం. ఒక రోజు గడులన్నీ తెమ్మని ఎన్‌సీ_గెట్_వారా_ఫ్లోట్ ఫంక్షన్‌ను పిలిస్తే, ఒక్కొక్కటి నాలుగు బైట్ల చొప్పున 69,660 బైట్లు రాస్తుంది. కానీ పైథాన్‌లో అంకెల పట్టికలకు వాడే నంపై ప్యాకేజీలో రకం ఏమీ చెప్పకుండా సున్నాలతో పట్టిక తయారుచేస్తే గడికి ఎనిమిది బైట్లు వస్తాయి. దాని చిరునామాను రకం చెప్పకుండా ఇస్తే ఫంక్షన్ మారుమాట్లాడదు. పట్టికలో సగం నింపి, సున్నా తిరిగి ఇస్తుంది. పైథాన్ మాత్రం రెండేసి గడులను అతికించి ఒక్క అంకెగా చదువుతుంది. అప్పుడు 5,731వ స్థానంలో కనిపించేది రాజమండ్రి కానే కాదు. 11,462, 11,463 గడుల కలగలుపు. అవి 27.5 డిగ్రీల ఉత్తరాన, 97 డిగ్రీల తూర్పున, అరుణాచల్ ప్రదేశ్ - మయన్మార్ సరిహద్దు ప్రాంతంలోవి!

ఇలా అతుక్కున్న రెండు గడుల్లోనూ 12.5 మిల్లీమీటర్లు ఉంటే, మన కంప్యూటర్లలో అది 31,45,728.51గా కనిపిస్తుంది. ఇంత పెద్ద అంకెను ఎవరైనా పట్టేస్తారు. రెండింటిలోనూ వాన లేకపోతే మాత్రం సున్నాయే వస్తుంది, సరైన సమాధానంలాగే. వేసవి రోజులతో పరీక్షించి సంతృప్తిపడిన ప్రోగ్రాములోని తప్పు జులైలో వరదొచ్చాక బయటపడటం ఇందువల్లే.

విరుగుడు కష్టమేమీ కాదు. పిలిచే ముందే సీటైప్స్‌లోని ఆర్గ్‌టైప్స్ అనే జాబితాలో ప్రతి పాయింటర్ రకాన్నీ ప్రకటించాలి. నాలుగు బైట్ల పట్టిక కావాలని అక్కడ రాస్తే, ఎనిమిది బైట్ల పట్టికను పైథానే గడప దగ్గర ఆపేస్తుంది. లేదా అదే ఫంక్షన్‌కు గడికి ఎనిమిది బైట్లు రాసే డబుల్ రూపం ఉంది, దాన్ని పిలవవచ్చు. ఎక్కడినుంచి ఎంత చదవాలో చెప్పే రెండు చిన్న పట్టికలు కూడా పాయింటర్లే; 64 బిట్ల యంత్రాల్లో వాటికి ఎనిమిది బైట్ల పూర్ణాంకాలు కావాలి. పొరపాటున ఒక రోజు చోటు ఇచ్చి ఏడాదంతా అడిగితే, ఫంక్షన్ గట్టు దాటి పక్క మెమరీ మీద రాసేస్తుంది. ప్రోగ్రాము అక్కడికక్కడే కూలితే అదృష్టం.

ఆ తర్వాత సరిచూసుకోవాలి. వాతావరణ శాఖ ఇవే అంకెలను మామూలు బైనరీ ఫైళ్లుగా కూడా ఇస్తోంది, రోజు వెంట రోజు, గడికి నాలుగు బైట్లు. 1986 ఆగస్టు 16, గోదావరి మహావరద రోజు, సంవత్సరంలో 228వది. అంటే ఆ ఏడాది ఫైల్లో ముందున్న 1,58,35,744 బైట్లను దాటి తర్వాతి నాలుగు బైట్లు చదివితే ఆనాటి రాజమండ్రి వాన తెలుస్తుంది. పాయింటర్ ద్వారా తెచ్చుకున్న అంకెను దీని పక్కన పెట్టి చూడాలి. తరవాత ఇంద్రావతి గడులకూ, శబరి గడులకూ అలాగే చేయాలి.