మెట్ట పల్లెలకు విశ్వాసం నేర్పిన ధైర్యం

ఉదయగిరి, ఆత్మకూరు (గ్రామీణ విలేఖరి): నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో మనిషికి భయాలు తక్కువేమీ కావు. వాన రాకపోతే భయం. బోరులో నీళ్లు పడకపోతే భయం. ప్రామిసరీ నోటు మీద వడ్డీ పెరుగుతుంటే భయం. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే తెల్లవారేదాకా భయం. గల్ఫ్ దేశానికి పోయిన బిడ్డ దగ్గర నుంచి వారం రోజులు ఫోను రాకపోతే ఆ తల్లి గుండె గుప్పిట్లో ఉంటుంది.

ఉదయగిరి కొండ కింది పల్లెల్లోను, ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లోను చాలా చోట్ల ఒక చిన్న ప్రార్థన మందిరం కనిపిస్తుంది. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో రాత్రి పూట ఎవరో ఒకరి ఇంట్లో కూటం జరుగుతాయి. ఆ కూటాల్లో తరచుగా వినిపించేది భయపడవద్దన్న మాట. చెప్పడానికి తేలికైన మాటే. కాని ఈ జిల్లాలో ఆ మాటను మొదట నమ్మినవారు దానికి పెద్ద వెల చెల్లించారు. ఆ వెల ఏమిటో నేటి తరంలో చాలామందికి తెలియదు.

ఐదుగురి ప్రార్థన

అమెరికా బాప్టిస్టు మిషను తరఫున శామ్యూల్ డే అనే దొర 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. 1849లో లైమన్ జూవెట్ దంపతులు వచ్చి చేరారు. పదమూడేళ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య వేళ్ల మీద లెక్క పెట్టేటంత మాత్రమే. ఖర్చు దండగ, ఈ మిషనును మూసివేద్దామా అని 1853లో అమెరికాలోని పెద్దలు చర్చించారు. పటం మీద ఒంటరిగా కనిపించే ఈ నెల్లూరు మిషనుకు అప్పటి నుంచే ఒంటరి నక్షత్రం అన్న పేరు వచ్చింది.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలులోని ఒక కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. జూవెట్ దొర, ఆయన భార్య, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు. ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలే. ఈ ప్రాంతానికి ఒక బోధకుని పంపమని వారు ప్రార్థన చేశారు. ఒంగోలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లాలో కలిసింది. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు.

ఆ ప్రార్థన మరునాడే ఫలించలేదు. జూవెట్ 1862లో స్వదేశం పోయేసరికి మిషను మూసివేత మాట మళ్లీ వచ్చింది. ఎవరు వచ్చినా రాకపోయినా తాను ఒంటరిగానైనా తిరిగి పోయి తెలుగువారి మధ్యనే బ్రతికి చనిపోతానని ఆయన చెప్పడంతో పెద్దలు వెనక్కు తగ్గారు. జాన్ ఎవరెట్ క్లౌ అనే యువకుడిని ఆయనతో పంపారు. క్లౌ 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలుకు మకాం మార్చారు. ప్రార్థన చేసిన నాటికి, మనిషి వచ్చిన నాటికి మధ్య పన్నెండేళ్లు గడిచాయి.

పేరయ్య గారి రాక

ఒంగోలులో క్లౌ దొర పెట్టిన బడిలో మొదట చేరినవారు అగ్రవర్ణాల పిల్లలు. ఊరి పెద్దలు కూడా ఆయనతో స్నేహంగానే ఉన్నారు. అదే సమయంలో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి వచ్చారు. ఆయన తోళ్ల వ్యాపారి. యోగ మార్గంలో గురువుల వద్ద ఉపదేశం పొందినవారు. తోళ్ల కోసం ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరులో క్రీస్తు బోధ విని, అందులో తాను వెదుకుతున్నది దొరికిందని నమ్మారు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు.

ఆ తరువాతి ఏడాది, 1867 జనవరిలో, క్లౌ దొర తాళ్లకొండపాడు వద్ద ఒక తోపులో డేరా వేశారు. పేరయ్య గారి మాట మీద చుట్టుపక్కల పల్లెల నుంచి జనం అన్నం మూటలు కట్టుకొని వచ్చి, ఐదు రోజులు అక్కడే ఉండి బోధ విన్నారు. చివరకు 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ సంగతి ఒంగోలులో తెలియగానే చిక్కు వచ్చింది. మాదిగవారిని చేర్చుకుంటే తమ పిల్లలు బడికి రారని, తాము దగ్గరకు రామని పెద్దకులాల వారు తేల్చి చెప్పారు. క్లౌ దొరకు భయం పట్టుకొన్నది. బడి పోతుంది, ఊరిలో మర్యాద పోతుంది, ఇన్నాళ్ల పని మట్టిలో కలుస్తుంది. ఆయన ఒక గదిలో, ఆయన భార్య హారియట్ మరొక గదిలో కూర్చొని విడివిడిగా బైబిలు తెరిచారు. లోకం నీచమని ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకొన్నాడని పౌలు కొరింథీయులకు వ్రాసిన ఒకే భాగం ఇద్దరికీ కనిపించిందని తరువాత ఆయనే వ్రాసుకొన్నారు. పెద్దకులాల పిల్లలు బడి వదిలిపోయారు. పేరయ్య గారి జనం మిగిలారు.

చాకలి లేడు, కుండ లేదు

అయితే దొరకు పోయింది బడి మాత్రమే. పల్లెవారికి పోయింది బ్రతుకుతెరువు.

కొత్తగా చేరినవారికి క్లౌ దొర మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలను పూజింపరాదు. చదవడానికి ఇవి చిన్న నియమాలే. కాని ఆనాటి ఊరి ఏర్పాటులో మాదిగవాడు రైతుకు చెప్పులు కుట్టాలి, కపిలకు తోలు బాన చేయాలి, జాతరలో డప్పు కొట్టాలి. పిలిచిన రోజు పోవాలి. అందుకు కోతల సమయంలో కొంత ధాన్యం కొలుస్తారు. ఏడాది తిండి దాని మీదనే. ఆదివారం పనికి రాము, జాతరకు డప్పు కొట్టము అంటే ఆ ఏర్పాటు నుంచి ఒక రాయి లాగినట్టే.

అందుకే చాలా ఊళ్లలో కట్టడి చేశారు. వీరి బట్టలు ఉతకవద్దని చాకలికి చెప్పారు. వీరికి కుండలు అమ్మవద్దని కుమ్మరికి చెప్పారు. పశువులను ఊరుమ్మడి బీడులో మేయనివ్వలేదు. చెప్పులు కుట్టే పని ఇవ్వలేదు. కోతలకు పిలవక ధాన్యం ఎగగొట్టారు. కొందరి మీద అబద్ధపు కేసులు పెట్టి జైలుకు పంపారు.

ఆ మనుషులకు భయం లేదని ఎవరైనా అంటే అది నిజం కాదు. పిల్లలకు కూడు పెట్టలేని తండ్రికి భయం లేకుండా ఎట్లా ఉంటుంది? అమ్మవారికి డప్పు మానితే కలరా వస్తుందేమోనన్న జంకు కూడా మనసులో మూల ఉండి ఉంటుంది. తరతరాల నమ్మకం ఒక్క మునకతో పోయేది కాదు. అయినా చాలామంది వెనక్కు పోలేదు. కారణం వెదికితే ఒకటి కనిపిస్తుంది. వారు ఒక్కొక్కరుగా రాలేదు. పేరయ్య గారి వెంట భార్య వచ్చింది, బంధువులు వచ్చారు, తోళ్ల బేరంలో తెలిసినవారు వచ్చారు. ఒక పల్లెలో పని పోతే మరొక పల్లెలోని చుట్టం గింజలు పంచుకొనేవాడు. రాత్రి పూట కూర్చొని పాడుకొనేవారు. నిలబడడానికి పక్కన మనిషి ఉన్నాడు కనుక నిలబడ్డారు.

కరువులో పరీక్ష

1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశమంతటా వచ్చిన గొప్ప కరువు ఈ జిల్లాను కూడా పీల్చి పిప్పి చేసింది. అప్పుడు క్లౌ దొర ప్రార్థన చేసి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం పని గుత్తకు తీసుకొని, ఆకలితో వచ్చిన వేలాది మందికి కూలి చూపారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు. రాత్రి పూట బోధ చెప్పారు.

అన్నం కోసం మతంలో చేరారన్న నింద రాకూడదని కరువు సాగినంత కాలం, పదిహేను నెలల పాటు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగిపోయిన తరువాతనే మళ్లీ మొదలుపెట్టారు. ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పినా జనం తిరిగి పోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. వంతుల వారీగా ఇద్దరిద్దరు దిగారు. దొర ఒడ్డునే ఉన్నారు. పదేళ్ల క్రితం ఊరిలో కుండ కూడా పుట్టని మనుషుల జనం ఆనాడు నదిలో నిలబడి ఇతరులకు చేయి అందించింది.

ఉదయగిరి, ఆత్మకూరు

ఆ కదలిక మెట్టకు కూడా పాకింది. బాప్టిస్టు మిషను వారు 1885లో ఉదయగిరిలోను, 1893లో ఆత్మకూరులోను స్థానాలు ఏర్పరచారు. బోధకులను తయారు చేయడానికి 1872లోనే రామాయపట్నంలో వేదపాఠశాల మొదలైంది. అక్కడ చదువుకొన్నవారు పల్లెలకు పోయి గుడిసెల్లో బడి పెట్టారు. పగలు కూలి చేసిన పిల్లలు రాత్రి దీపం దగ్గర అక్షరాలు దిద్దారు.

భయం పోగొట్టడంలో ఈ అక్షరం చేసిన మేలు చిన్నది కాదు. చదువురాని మనిషికి ప్రతి కాగితం భయమే. అప్పు పత్రంలో ఎంత వ్రాశారో తెలియదు, వేలిముద్ర వేయాలి. సమను వస్తే ఎందుకు వచ్చిందో తెలియదు, పారిపోవాలి. బైబిలు చదవడానికి నేర్చుకొన్న అక్షరాలే తరువాత పట్టా చదవడానికి, అర్జీ వ్రాసుకోవడానికి పనికి వచ్చాయి.

తీరని భయాలు

అంతా మంచే జరిగిందని వ్రాస్తే చరిత్రకు అన్యాయం చేసినట్టు అవుతుంది. గుడి మారినా కులం చాలా చోట్ల వెంటనే వచ్చింది. మాలవారికి ఒక మందిరం, మాదిగవారికి ఒక మందిరం ఉన్న ఊళ్లు ఉన్నాయి. ఒకే దేవుని పిల్లలమని పాడి, పెళ్లి సంబంధం దగ్గర వెనక్కు తగ్గే ఇళ్లు ఉన్నాయి. పక్క మందిరానికి పోవడానికి కూడా ధైర్యం కావాలని పెద్దలు గుర్తించాలి.

మరొకటి సర్కారు కాగితం భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకొన్న దళితునికి షెడ్యూల్డు కులం హోదా ఉండదు. మన రాష్ట్రంలో అటువంటివారిని వెనుకబడిన తరగతుల సి గ్రూపులో చేర్చారు. మందిరంలో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు పెట్టుకొని బ్రతికే కుటుంబాలు అందువల్లనే ఏర్పడ్డాయి. ఇది తప్పో ఒప్పో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకోవడానికి నేటికీ వెల ఉన్నదని మాత్రం చెప్పవచ్చు.

నేటి కూటాల్లో

మన పల్లెల్లోని కూటాల్లో సాక్ష్యం చెప్పడం అనే ఆచారం ఉన్నది. ఒకరు లేచి తమకు వచ్చిన కష్టం, పట్టుకొన్న భయం, అది ఎట్లా గడిచిందీ అందరి ముందు చెబుతారు. ఎన్నడూ నలుగురిలో నోరు విప్పని ఆడమనిషి కూడా అక్కడ లేచి మాట్లాడుతుంది. చాపల మీద కూర్చొన్నవారు విని, ఆమె కోసం ప్రార్థిస్తారు. భయం సగం తగ్గేది అక్కడే. ఇంట్లో దాచుకొన్న భయం పెరుగుతుంది. నలుగురి ముందు పెట్టిన భయాన్ని నలుగురూ మోస్తారు.

ఆ కూటాల్లో చెప్పే కథలను గమనించినా ఇదే తెలుస్తుంది. గిద్యోను శత్రువులకు జడిసి ద్రాక్షగానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టినవాడు. పేతురు చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగితే యేసు ఎవరో తెలియదని బొంకినవాడు. బైబిలులోని ధైర్యవంతులు పుట్టుకతో ధైర్యవంతులు కారు. ముందు భయపడి, ఆపైన నిలబడినవారు. అందుకే భయపడే మనిషికి వారు దగ్గరివారుగా తోస్తారు.

అయితే ధైర్యం వేరు, మొండితనం వేరు. పాము కరిచినవాడిని ప్రార్థనతోనే ఇంట్లో ఉంచుకోవడం విశ్వాసం కాదు. 108కు ఫోను చేసి, ఆసుపత్రికి తీసుకుపోతూ ప్రార్థన చేయాలి. క్షయ మందులు నెలల తరబడి మింగవలసి ఉంటే మధ్యలో మానకూడదు. అప్పు భారంతో మనిషి మౌనంగా ఉంటే ప్రార్థన చేసిన తరువాత ఆ రాత్రి అతని ఇంట్లో ఎవరైనా తోడు పడుకోవాలి. కరువులో కాలువ పని గుత్తకు పట్టిన వారి వారసులకు ఇది ఎవరో చెప్పవలసిన విషయం కాదు.

తాళ్లకొండపాడు తోపులో కూర్చొన్న 28 మందికి రేపు ఎవరు పనికి పిలుస్తారో తెలియదు. అయినా అన్నం మూట విప్పి పక్కవాడితో పంచుకొన్నారు. మన పల్లెల్లో ఎవరి ఇంట్లోనైనా దీపం తెల్లవార్లూ వెలుగుతుంటే, ఎందుకని పలకరించి పోయే మనిషి ఉన్నంతకాలం ఆ మొదటివారు చెల్లించిన వెల వృథా కాదు.