కడ్డీ నల్లబడితే చల్లారినట్టు కాదు

బ్లాస్ట్ ఫర్నేస్‌లో ట్యాపింగ్ మొదలవగానే ముందు ముఖం చుర్రుమంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు ఫర్నేసులున్నాయి. దేని క్యాస్ట్ హౌస్‌లో నిలబడినా ఇంతే. సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిన ఇనుము కాలువలో పారుతుంటే ముఖం మండిపోతుంది, వీపుకు మాత్రం సముద్రపు గాలి తగులుతూనే ఉంటుంది. ముఖానికి ఓ రేకు అడ్డం పెట్టుకోండి, మంట టక్కున ఆగుతుంది. తీస్తే మళ్ళీ మొదలు. వేడిగాలే కారణమైతే రేకును చుట్టుకుని వచ్చి తగిలేది. ఇది ఇనుము నుంచి కాంతి వేగంతో తిన్నగా వచ్చిన కిరణాల పని.

ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఉష్ణోగ్రతలు కొలవడం నా ఉద్యోగం. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు మొదట చూపించేది ఈ రేకునే.

1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఒక్కో రంగు దగ్గర థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనిపించని చోట పాదరసం ఇంకా పైకెక్కింది. అవే పరారుణ కిరణాలు, మనం ఇన్‌ఫ్రారెడ్ అనేవి.

ఏ వస్తువులోనైనా అణువులు కుదురుగా ఉండవు. ఆ కదలికే వేడి. వాటితో పాటు లోపలి విద్యుదావేశాలూ కదులుతాయి కాబట్టి కొంత శక్తి విద్యుదయస్కాంత తరంగాలుగా బయటపడుతుంది. పరమశూన్యం నుంచి లెక్కేసిన ఉష్ణోగ్రత రెట్టింపైతే ఇలా వెలువడే శక్తి 16 రెట్లవుతుంది. కళ్ళు చెదిరేలా మెరిసే ఆ ఇనుము నుంచి వచ్చే శక్తిలో కంటికి కనిపించే వెలుగు నూటికి ఒక వంతు కూడా ఉండదు. మిగతాది దాదాపు అంతా పరారుణమే.

ప్రమాదం ఇక్కడే ఉంది. రోలింగ్ మిల్లు కూలింగ్ బెడ్ మీదికి కడ్డీలు ఎర్రగా వస్తాయి. సుమారు 525 డిగ్రీల కిందికి దిగితే చీకట్లో కూడా వాటి ఎరుపు కనబడదు. పగటి వెలుతురులో అంతకంటే ముందే నల్లగా కనిపిస్తాయి. "బాబూ, నల్లగా ఉందని నమ్మకు, ముందు గన్ను పెట్టి చూడు" అని చెబుతుంటాను. గన్ను అంటే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు. మన కంటికి అందని కిరణాలు దానికి అందుతాయి.

చల్లటి వస్తువులు కూడా కిరణాలు విడుస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రాత్రుళ్ళు కూడా ఇన్సాట్-3డి ఉపగ్రహం ఆ తుపాను మేఘాలను చూడగలిగిందంటే, గడ్డకట్టే చలిలో ఉన్న మేఘాల పైభాగం సైతం పరారుణాన్ని విడుస్తుండటం వల్లే.

అయితే పరారుణమే వేడి అనుకోవడం పొరపాటు. కిరణం అంటే ప్రయాణంలో ఉన్న శక్తి. ఏదైనా పదార్థం దాన్ని పీల్చుకున్నప్పుడే అది వేడిగా మారుతుంది. మే నెలలో బీచ్ రోడ్డు మీద ఆపిన బండి నల్లసీటు కాలిపోయేది పరారుణం ఒక్కదాని వల్లే కాదు, కంటికి కనిపించే ఎండ వెలుగు వల్ల కూడా. ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ పప్పును వేడి చేసేది సుమారు 12 సెంటీమీటర్ల పొడవున్న తరంగాలతో. అవి రేడియో తరంగాలకు దగ్గరి చుట్టాలు.

పీల్చుకోనివ్వకుండా తిప్పికొడితే వేడి పుట్టదు. ఫర్నేస్ ముందు వేసుకునే అల్యూమినియం పూత కోటు చేసేది అదే. వచ్చిన కిరణాల్లో చాలా భాగాన్ని అద్దంలా వెనక్కి పంపుతుంది. మసీ నూనే పట్టి మెరుపు పోయిందంటే ఆ కిరణాలను కోటే పీల్చుకుని కాగిపోతుంది. అందుకే షిఫ్టు ఎక్కేముందు కోటు మెరుపు చూసుకోండి. మసి ఉంటే తుడవండి, పూత ఊడితే మార్చమని అడగండి. స్టోర్స్‌లో రేపు రమ్మంటే ఆ రోజు కాలువ దగ్గరికి వెళ్ళకండి.